ఖాళీని కొలిచే మొనగాళ్లు

ఒక సెంటీమీటరు పొడవు, అంతే వెడల్పు, అంతే ఎత్తు ఉన్న చిన్న గడి. మనం పీల్చే గాలిలో ఆ గడిలో పట్టే అణువులు రెండున్నర లక్షల కోటి కోట్లు. 25 రాసి పక్కన 18 సున్నాలు పెట్టుకోండి, సరిపోతుంది. 1990లో జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో, ఒక లోహపు పాత్రలో, అంతే చోటులో మిగిలినవి వంద లోపు! గాలిని అంతగా తోడెయ్యడం గొప్పే. తోడేశామని రుజువు చెయ్యడం అంతకన్నా గొప్ప. ఈ పందెంలో పంపు కంటే ముందు చేతులెత్తేసేది చాలాసార్లు పీడనాన్ని కొలిచే గేజే మరి.

ముందు కొలబద్ద సంగతి. సముద్ర మట్టంలో గాలి పీడనం 760 టార్. పాదరసాన్ని ఒక్క మిల్లీమీటరు ఎత్తున నిలబెట్టగల పీడనం ఒక టార్. టార్‌లో వెయ్యో వంతు దిగువకు పోతే హై వాక్యూం. వంద కోట్లవ వంతు దాటితే అల్ట్రా హై వాక్యూం. లక్ష కోట్లవ వంతు కూడా దాటితే ఎక్స్‌ట్రీమ్ హై వాక్యూం. ఆ పైన పేర్లు పెట్టే ఓపిక ఎవరికీ లేకపోయింది.

అందరికన్నా పొడుగరి: రోమ్ నగరంలో 1640 ప్రాంతంలో గాస్పారో బెర్తి తన ఇంటి ముందు గోడకు నిలబెట్టిన సీసపు గొట్టం. నిండా నీళ్లు పోసి కింద మూత తీస్తే, నీరు కొంత దిగి 10.3 మీటర్ల దగ్గర ఆగింది. సగం తాటిచెట్టు ఎత్తు! పైన మిగిలిన చోటులో ఏముందో ఊరంతా వాదించుకుంది.

పొట్టివాడు వెంటనే వచ్చాడు. 1644లో టోరిచెల్లీ అదే పనిని నీటికన్నా 13.6 రెట్లు బరువైన పాదరసంతో జరిగినట్టు ఉత్తరం రాశాడు. 10.3 మీటర్ల గొట్టం 76 సెంటీమీటర్లకు కుంగిపోయింది. ఇంటి గోడ అక్కర్లేదు, బల్ల చాలు.

అందరికన్నా బలమైన గేజి గుర్రాలు! 1650లలో జర్మనీలో ఆటో ఫాన్ గెరికే అర మీటరు అడ్డకొలత ఉన్న రెండు రాగి చిప్పల్ని ఒకదానికొకటి ఆనించి లోపలి గాలి తోడేశాడు. అటు ఎనిమిది, ఇటు ఎనిమిది గుర్రాలు లాగినా విడిపోలేదు. లెక్క వేస్తే ఆ చిప్పల్ని పట్టి ఉంచింది దాదాపు రెండు టన్నుల గాలి ఒత్తిడి. మెచ్చుకోదగ్గ ప్రదర్శన. కొలతగా మాత్రం సున్నా మార్కులు: లోపల వందో వంతు గాలి మిగిలినా, లక్షో వంతు మిగిలినా గుర్రాలకు ఒక్కటే.

ఎక్కువ కాలం పెద్దరికం చేసింది మెక్లియోడ్ గేజి. పుట్టింది 1874లో. దీని కిటుకు వడ్డీ వ్యాపారంలా ఉంటుంది. కొలవలేనంత పలచని గాలిని పెద్ద బుడ్డిలో పట్టి, పాదరసంతో నెట్టి, సన్నని గొట్టంలోకి వేల రెట్లు కుదించి, అప్పుడు కొలుస్తుంది. టార్‌లో లక్షో వంతు దాకా నమ్మకంగా చెప్పేది. అరవై డెబ్భై ఏళ్లు మిగతా గేజిలన్నీ దీని దగ్గరకే వచ్చి తప్పొప్పులు సరిచూసుకునేవి.

ఎక్కువ కాలం దాక్కున్న పొరపాటు కూడా దీనిదే. మెక్లియోడ్ బుడ్డికీ, పాదరసపు ఆవిరిని పట్టేసే చల్లని ఉచ్చుకూ మధ్య ఆ ఆవిరి ప్రవాహంలా కదులుతూ కొంత గాలిని తనతో ఊడ్చుకుపోతుంది. 1915లోనే వోల్ఫ్‌గాంగ్ గేడే ఈ మాట అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. 1961లో జపాన్ శాస్త్రజ్ఞులు ఇషీ, నకయామా మళ్లీ తవ్వి తీసేదాకా 46 ఏళ్లు గడిచాయి. బరువైన వాయువులకు తేడా పదుల శాతం! ఈలోగా లోకమంతా ఆ కొలతల్నే ప్రమాణం అనుకుంది.

వేడి మీద బతికేది పిరానీ గేజి, 1906. కరెంటుతో వేడెక్కిన తీగను గాలి అణువులు తాకి చల్లబరుస్తాయి. అణువులు తగ్గితే తీగ చల్లారడమూ తగ్గుతుంది. టార్‌లో వెయ్యో వంతు దాటాక కొద్ది దూరానికే దీని చూపు మసకబారుతుంది.

గింగిరాలు తిరిగేది స్పిన్నింగ్ రోటర్ గేజి. నాలుగున్నర మిల్లీమీటర్ల ఉక్కు గుండు, దేనికీ ఆనకుండా అయస్కాంతం మీద గాల్లో తేలుతూ సెకనుకు 400 చుట్లు తిరుగుతుంది. తిప్పి వదిలేస్తారు. మిగిలిన గాలి రాపిడికి అది ఎంత మెల్లగా నెమ్మదిస్తుందో చూసి పీడనం చెబుతారు. వేడి లేదు, మెరుపు లేదు, లోపలి గాలిని చెడగొట్టడం లేదు. ఈ జాబితాలో ఇంత పెద్దమనిషి మరొకటి దొరకదు. కాకపోతే టార్‌లో కోటో వంతు దగ్గరే దీని రాజ్యం సరి.

ఇక అసలు వంశం. 1916లో అమెరికాలో ఆలివర్ బక్లీ పాత రేడియో వాల్వు లాంటి మూడు కాళ్ల గాజు బుడ్డితో మొదటి అయనీకరణ గేజి చేశాడు. ఎర్రగా కాలే ఫిలమెంటు ఎలక్ట్రాన్లను విసురుతుంది. దారిలో గాలి అణువు తగిలితే దాని ఎలక్ట్రాన్ ఒకటి ఊడిపోయి అది అయాను అవుతుంది. ఆ అయాన్లను ఇంకో పలక ఏరుకుంటుంది. అణువులు ఎన్నో అయాన్లు అన్ని, అయాన్లు ఎన్నో కరెంటు అంత. ఒత్తిడిని తోపుతో కాకుండా లెక్కతో పట్టడం అదే మొదలు. బక్లీ తర్వాత బెల్ ల్యాబ్స్‌కే అధ్యక్షుడయ్యాడు.

ఆ లెక్క ఎంత సన్నంగా నడుస్తుందో చూడండి. ఇప్పటి మామూలు గేజిలో ఫిలమెంటు నుంచి పది మిల్లీ ఆంపియర్లు, అంటే సెకనుకు దాదాపు 600 కోటి కోట్ల ఎలక్ట్రాన్లు దూకుతాయి. టార్‌లో లక్ష కోట్లవ వంతు పీడనం దగ్గర వాటివల్ల పుట్టే అయాన్లు సెకనుకు ఆరు లక్షలు మాత్రమే. పది వేల కోట్ల ఎలక్ట్రాన్లు పరిగెత్తితే దక్కేది ఒక్క అయాను! ఇంత నష్టపు బేరం ఇంకే యంత్రమూ చేయదు. ఆ ఒక్కదాన్నే నమ్ముకుని పెద్ద పెద్ద ప్రయోగశాలలు నడుస్తున్నాయి.

ఈ వంశంలో అతి పెద్ద రహస్యం ఒకటి ముప్ఫై ఏళ్లు నడిచింది. పంపులు మెరుగయ్యాయి, గాజు శుభ్రమైంది, లీకులు తగ్గాయి. గేజి ముల్లు మాత్రం టార్‌లో పది కోట్లవ వంతు దగ్గర మొండికేసి కూర్చుంది. ఎక్కడి ప్రయోగశాల అయినా అదే అంకె. ప్రకృతి గీసిన గీత అనుకున్నారు కొందరు, పంపుల చేతగానితనం అనుకున్నారు ఇంకొందరు. 1947లో వేన్ నాటింగమ్ వేలు గేజి వైపే తిప్పాడు. ఎలక్ట్రాన్లు తమను లాగే తీగల గ్రిడ్డును గుద్దినప్పుడు మెత్తని ఎక్స్‌కిరణాలు పుడుతున్నాయి. అవి అయాన్ల పలక మీద పడి దాని ఎలక్ట్రాన్లను ఎగరగొడుతున్నాయి. పలక నుంచి ఒక ఎలక్ట్రాన్ పోయినా, పలకకు ఒక అయాను వచ్చినా, మీటరుకు రెండూ ఒకటే! లోపల గాలి పూర్తిగా మాయమైనా ముల్లు కదలదు, ఎందుకంటే అప్పటికది గాలిని కొలవడం మానేసి తన వెలుగును తానే కొలుచుకుంటోంది.

తిరగేసి గెలిచిన మొనగాళ్లు రాబర్ట్ బేయర్డ్, డేనియల్ ఆల్పర్ట్. 1950లో పిట్స్‌బర్గ్ వెస్టింగ్‌హౌస్ పరిశోధనశాలలో గేజిని లోపలిది బయటికి, బయటిది లోపలికి మార్చేశారు. ఫిలమెంటు బయట, మధ్యలో గ్రిడ్డు పంజరం, పంజరం నడిబొడ్డున అయాన్లను ఏరుకునే సన్నని తీగ. అంతకు ముందు వెడల్పాటి స్తంభంలా చుట్టూ ఉన్న పలక ఇప్పుడు తీగైపోయింది. ఎక్స్‌కిరణాలకు తగలడానికి చోటే లేదు. ముల్లు ఒక్కసారిగా వంద రెట్లు దిగి, టార్‌లో వెయ్యి కోట్లవ వంతును చూపించింది. మెరుగైన పంపు కోసం ఎదురుచూడాల్సిన పని లేకపోయింది, ఆ వాక్యూం ముందునుంచీ అక్కడే ఉంది. నా లెక్కలో ఈ మొత్తం జాబితాకు కిరీటం ఈ ఇద్దరిదే: కొత్త పదార్థం లేదు, కొత్త సిద్ధాంతం లేదు, రెండు ముక్కల చోట్లు మార్చారు. అన్నట్టు ఇదే ఆల్పర్ట్ తర్వాత ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో, కంప్యూటరుతో పాఠాలు చెప్పే తొలి పథకాల్లో ఒకటైన ప్లేటోను 1960లో మొదలుపెట్టించాడు.

సన్నదనంలో ఛాంపియన్: వాన్ ఊస్ట్రమ్ 1961లో వాడిన తీగ, మందం నాలుగు మైక్రాన్లు. తల వెంట్రుక మందంలో పదిహేడో వంతు. ఎక్స్‌కిరణాల దెబ్బ మరో వంద రెట్లు తగ్గింది. చిక్కేమిటంటే, మరీ సన్నబడితే అయాన్లు కూడా తీగను తప్పించుకుని చుట్టూ తిరిగి పారిపోతాయి.

అందరికన్నా ఎక్కువ గేజిలు కన్నవాడు కెనడా జాతీయ పరిశోధన మండలికి చెందిన పాల్ రెడ్‌హెడ్. 1958లో హాబ్సన్‌తో కలిసి తలకిందుల మాగ్నెట్రాన్ గేజి, 1959లో మాగ్నెట్రాన్ గేజి, 1960లో మాడ్యులేటెడ్ గేజి, 1966లో ఎక్స్‌ట్రాక్టర్ గేజి. ఎనిమిదేళ్లలో నాలుగు! చివరిది ఇప్పటికీ అమ్ముడవుతోంది. అందులో అయాన్లను గ్రిడ్డు పంజరం నుంచి ఒక చిన్న కంతలోంచి బయటికి లాగి, ఎక్స్‌కిరణాల కంట పడని చాటులో పట్టుకుంటారు. టార్‌లో లక్ష కోట్లవ వంతు దానికి అందుబాటులోనే ఉంటుంది.

మలుపు తిప్పినవాళ్లు: హెల్మర్, హేవర్డ్, 1966. అయాన్లను విద్యుత్ క్షేత్రంతో 90 డిగ్రీలు తిప్పి పట్టుకున్నారు. ఎక్స్‌కిరణాలకు మలుపు తిరగడం రాదు, సూటిగా పోయి గోడకు కొట్టుకున్నాయి. సెర్న్ వాళ్లు ఈ రకం గేజితో టార్‌లో కోటి కోట్లవ వంతు స్థాయిదాకా తొంగిచూశారు. 1961లో జనరల్ ఎలక్ట్రిక్‌లో లాఫర్టీ ఇంకో దారి పట్టాడు: ఎలక్ట్రాన్లను అయస్కాంతంతో గానుగెద్దుల్లా తిప్పడం. ఒక్కో ఎలక్ట్రాన్ బోలెడు దూరం నడుస్తుంది కాబట్టి కొద్దిపాటి ఎలక్ట్రాన్లతోనే పని గడిచిపోతుంది.

వేడి ఫిలమెంటు గేజిల్లో లోతు చూసిన వాటిలో జపాన్‌కు చెందిన వతనబే అయాన్ స్పెక్ట్రోస్కోపీ గేజిని తప్పక చెప్పాలి. 1992లో ప్రకటించిన దాని హద్దు పాస్కల్‌లో లక్ష కోట్లవ వంతు, అంటే టార్‌లో కోటి కోట్లవ వంతు కంటే కూడా కొంచెం కింద. గ్రిడ్డుకు అంటుకుని ఉన్న వాయువు ఎలక్ట్రాన్ల దెబ్బకు రాలి, నిజమైన గాలి అయాన్ల వేషం వేస్తుంది. ఆ దొంగ అయాన్లకు శక్తి కాస్త ఎక్కువ. వతనబే గేజి శక్తిని చూసి దొంగల్ని విడదీస్తుంది.

అతి పెద్ద బద్ధకస్తుడు పెన్నింగ్ గేజి. హాలండ్‌లోని ఫిలిప్స్ పరిశోధనశాలలో ఫ్రాన్స్ పెన్నింగ్ 1937లో చేశాడు. ఫిలమెంటు లేదు, వేడి లేదు. రెండు వేల వోల్టుల దాకా విద్యుత్తు, ఒక అయస్కాంతం, అంతే. లోపల విద్యుత్ ఉత్సర్గం దానంతట అదే రాజుకోవాలి. మామూలు వాక్యూంలో రెప్పపాటున అంటుకుంటుంది. అతి తక్కువ పీడనంలో దారిన పోయే కాస్మిక్ కిరణమో, లోహం నుంచి జారిపడ్డ ఎలక్ట్రానో వచ్చి ముట్టించేదాకా గంటలు, ఒక్కోసారి రోజులు మౌనం! స్విచ్చి వేసి, సున్నా చూసి, అద్భుతమైన వాక్యూం వచ్చిందని సంబరపడితే అంతే సంగతులు. ఈ బద్ధకస్తుడి పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాడు.

అందరికన్నా దూరం వెళ్లినవీ ఈ చల్లని జాతి గేజిలే. అపోలో 12, 14, 15 వ్యోమగాములు వీటిని చంద్రుడి మీద పెట్టి వచ్చారు, ఇక్కడికి 3,84,000 కిలోమీటర్లు. అపోలో 12 గేజి ఒక్క రోజైనా నిలవలేదు. మిగతా రెండూ చంద్రుడి రాత్రి చలిలో టార్‌లో లక్ష కోట్లవ వంతు స్థాయి పీడనాన్ని చూపించాయి. ఘన సెంటీమీటరుకు రెండు లక్షల అణువులు. చంద్రుడి చుట్టూ ఉన్న మొత్తం వాయువు బరువు 25 టన్నులని అంచనా. పగటిపూట అంకెలు మాత్రం పాడయ్యాయి: మనుషులు దించిన యంత్రాలు ఎండకు వేడెక్కి వదిలిన వాయువే చంద్రుడి గాలి కంటే ఎక్కువైంది.

అంతరిక్షమంటే ఖాళీకి రాజు అనుకుంటాం కదా. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం తిరిగే 400 కిలోమీటర్ల ఎత్తున పీడనం టార్‌లో పది కోట్లవ వంతు దగ్గర ఉంటుంది. మన భూమ్మీది మంచి ప్రయోగశాల అంతకన్నా వెయ్యి రెట్లు ఖాళీ! అందుకే అమెరికా వాళ్లు 1994, 95, 96లో మూడుసార్లు 3.7 మీటర్ల స్టీలు పళ్లాన్ని అంతరిక్ష నౌకతో పంపి, గాలికి అడ్డంగా పరుగెత్తించారు. పడవ వెనక నీళ్లు చీలినట్టు పళ్లెం వెనక ఖాళీ ఇంకా ఖాళీ అయింది. వేక్ షీల్డ్ అని పేరు.

సంఖ్యాబలంలో సెర్న్ కణాల యంత్రం ఎల్‌హెచ్‌సీని కొట్టేది లేదు. 27 కిలోమీటర్ల వలయం, వాక్యూం కింద ఉన్న గొట్టాలన్నీ కలిపితే 104 కిలోమీటర్లు. అందులో ప్రోటాన్లు నడిచే గొట్టాలు 54 కిలోమీటర్లు. కాపలా కాసే గేజిలు: బేయర్డ్-ఆల్పర్ట్ రకం 170, పిరానీ, పెన్నింగ్ రకాలు 1,084. ప్రోటాన్లు సెకనుకు 11,245 చుట్లు కొడతాయి. గాలి అణువులకు తగిలి పుంజం అరిగిపోవడానికి కనీసం వంద గంటలు పట్టేలా ఖాళీని లెక్కగట్టారు. ఇక్కడ పెద్ద పని చేసేది మైక్రాను మందమున్న పూత: టైటానియం, జిర్కోనియం, వెనేడియం మిశ్రమం. గొట్టాన్ని 200 డిగ్రీల దాకా ఒకసారి కాలిస్తే చాలు, గోడలే పంపుగా మారి గాలిని మింగేస్తాయి. ఆరు కిలోమీటర్ల మేర గొట్టాలకు లోపల ఈ పూతే. పాత రేడియో వాల్వుల తలమీద మెరిసే వెండి మచ్చ గుర్తుందా? అక్కడ బేరియం, ఇక్కడ ఈ మిశ్రమం, పని ఒకటే.

పొడవాటి బారుల్లో గురుత్వ తరంగాల్ని పట్టే లైగో. నాలుగు కిలోమీటర్ల చేతులు రెండు, 1.2 మీటర్ల వెడల్పు గొట్టం, ఆరేళ్ల పిల్లలు నిటారుగా నడిచిపోవచ్చు. పది వేల ఘన మీటర్ల గాలిని తోడటానికి 40 రోజులు. తోడాక మిగిలింది వాతావరణంలో లక్ష కోట్లవ వంతు. చేయి ఎంత పొడుగంటే, ఆ దూరంలో నేల మీటరు మేర వంగుతుంది, గొట్టాన్ని మాత్రం సూటిగా వెయ్యాలి! దీని తమ్ముడు మన పొరుగుకే వస్తున్నాడు: ఒకప్పటి నిజాం ఏలుబడిలోని మరాఠ్వాడాలో, నాందేడ్ పక్క జిల్లా హింగోలిలో, ఔంఢా నాగనాథ్ దగ్గర. 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 2,600 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఇప్పటికే మన దేశంలో ఇండోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్ 172.5 మీటర్ల వలయంలో అల్ట్రా హై వాక్యూంను కాపాడుకుంటోంది.

అల్ట్రా హై వాక్యూం పాత్రల్లో భీముడు జర్మనీలోని కాట్రిన్. 23 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 200 టన్నులు, లోపల 1,240 ఘన మీటర్లు. పీడనం మిల్లీబార్‌లో పదివేల కోట్లవ వంతు. న్యూట్రినో బరువు తూచడానికి కట్టారు. దీని ప్రయాణం విడిగా ఒక రికార్డు. తయారైన డెగెన్‌డార్ఫ్ నుంచి కార్ల్స్‌రూహేకు రోడ్డున 400 కిలోమీటర్ల లోపే. ఆ రోడ్ల మీద పట్టదు. 2006లో డాన్యూబ్ నదిలో దిగి, నల్ల సముద్రం, మధ్యధరా, అట్లాంటిక్ చుట్టి, రైన్ నది ఎక్కి దాదాపు 9,000 కిలోమీటర్లు తిరిగొచ్చింది. ఆఖరి కొద్ది కిలోమీటర్లలో ఊరి ఇళ్ల చూరులకూ దీనికీ మధ్య ఖాళీ సెంటీమీటర్లలోకి వచ్చింది.

శుభ్రతతో పని లేకుండా ఒట్టి సైజే చూస్తే నాసా వారి ఒహాయో గది. 30 మీటర్ల వెడల్పు, 37 మీటర్ల ఎత్తు, రెండు తాటిచెట్లు ఒకదానిమీద ఒకటి నిలబెట్టొచ్చు. 22,600 ఘన మీటర్లు. 2014లో ఇక్కడే బౌలింగ్ బంతినీ ఈకల్నీ కలిపి వదిలితే రెండూ ఒకేసారి నేలకు దిగాయి. హ్యూస్టన్‌లోని మరో నాసా గదిలో 2017లో వెబ్ టెలిస్కోపును పరీక్షిస్తుండగా హరికేన్ హార్వీ నగరాన్ని ముంచెత్తింది. బయట వరద, లోపల వాక్యూం, పరీక్ష ఆగలేదు! ఫ్రాన్స్‌లోని ఐటర్ సంలీన రియాక్టరును కప్పే పాత్ర, క్రయోస్టాట్, 16,000 ఘన మీటర్లు, 3,850 టన్నులు. భాగాలు తయారైంది గుజరాత్‌లోని హజీరాలో.

తోడేవాళ్లలో వేగానికి టర్బో పంపు. చిన్న రకాలు నిమిషానికి 90,000 చుట్లు తిరుగుతాయి. రెక్కల కొసలు గాలి అణువుల వేగానికి దీటుగా పరిగెత్తితే తప్ప వాటిని బయటికి తన్నలేవు.

అడ్డులేని నడకలో రికార్డులు చూడండి. మామూలు గాలిలో ఒక అణువు ఇంకోదాన్ని గుద్దుకోకుండా నడిచే దూరం మిల్లీమీటరులో పదిహేను వేలవ వంతు. టార్‌లో పది లక్షలవ వంతు పీడనంలో 50 మీటర్లు. వెయ్యి కోట్లవ వంతులో 500 కిలోమీటర్లు: హైదరాబాదు నుంచి విశాఖపట్నానికి సూటిగా గీత గీస్తే అంతే. ఆ అణువుకు పట్టే సమయం 18 నిమిషాలు! లక్ష కోట్లవ వంతులో 50,000 కిలోమీటర్లు, భూమిని చుట్టి మళ్లీ పావు దూరం. గొట్టం గోడలు అడ్డుపడతాయి కాబట్టి సరిపోయింది కానీ, అణువులు ఒకదాని మొహం ఒకటి చూసుకునే ప్రసక్తే లేదు.

మురికి పట్టే వేగంలో పోలిక ఇంకా విడ్డూరం. తళతళలాడే లోహపు ముక్కను టార్‌లో పది లక్షలవ వంతు పీడనంలో పెడితే సెకనులో దాని మీద ఒక వరస అణువులు పరుచుకుంటాయి. వంద కోట్లవ వంతులో పావుగంట. లక్ష కోట్లవ వంతులో పదకొండు రోజుల పైచిలుకు. లోహాల పై పొరను చదివే శాస్త్రమంతా ఆ తీరికలోనే పుట్టింది.

మొండి శత్రువుల్లో మొదటిది నీటి ఆవిరి. గోడలకు అంటుకుని వదలదు, అందుకే యంత్రం మొత్తాన్ని 150 నుంచి 250 డిగ్రీల దాకా రోజుల తరబడి కాలుస్తారు. వేలిముద్ర ఒక్కటి పడినా నూనె ఆవిరి కక్కుతూనే ఉంటుంది, చేతికి తొడుగు లేకుండా ఎవరూ ముట్టరు. దొంగదారిలో మేటి హీలియం. గాలిలో పది లక్షల పాళ్లకు ఐదు పాళ్లే ఉన్నా గాజు గోడ లోంచే దూరి వస్తుంది. ఆఖరి శత్రువు హైడ్రోజన్, అది ఉక్కు లోపలే కాపురం ఉంటుంది. దాన్ని వెళ్లగొట్టడానికి సెర్న్‌లో ఉక్కును వాక్యూం కొలిమిలో 950 డిగ్రీల దగ్గర రెండు గంటలు కాలుస్తారు.

అబద్ధాల పోటీ పెడితే బహుమతి గేజికే. నైట్రోజన్‌కు సరిదిద్దిన గేజి హీలియంను ఐదో వంతు కంటే తక్కువ చూపిస్తుంది, హైడ్రోజన్‌ను సగానికి తక్కువ, ఆర్గాన్‌ను ఎక్కువ. ఫిలమెంటు రెండు వేల డిగ్రీల దగ్గర్లో కాలుతూ గోడల్ని వేడెక్కించి కొత్త వాయువు పుట్టిస్తుంది. అదే సమయంలో అయాన్లను గోడల్లో పాతిపెట్టి తానే చిన్న పంపుగా పనిచేస్తుంది. ఒక చేత్తో పోస్తూ ఇంకో చేత్తో తోడుతూ మధ్యలో అంకె చెబుతుంది! ఒకే నమూనా గేజిలు రెండు పక్కపక్కన పెట్టినా పది శాతం తేడా మామూలు.

అతి చల్లని గేజి అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌ది. ఫిలమెంటు బదులు లిథియం లేదా రుబీడియం పరమాణువుల గుంపును లేజర్లతో పరమశూన్యానికి డిగ్రీలో వెయ్యో వంతు దగ్గరదాకా చల్లార్చి అయస్కాంతంలో నిలబెడతారు. మిగిలిన గాలి అణువు వచ్చి గుద్దితే ఒక పరమాణువు గుంపు నుంచి ఎగిరిపోతుంది. గుంపు ఎంత త్వరగా పలచబడితే పీడనం అంత. గుద్దుకునే అవకాశం ఎంతో క్వాంటం సిద్ధాంతమే లెక్కకట్టి ఇస్తుంది కాబట్టి, మరో గేజి దగ్గర సరిచూసుకోవాల్సిన అవసరం దీనికి లేదు.

ఇప్పుడు బద్ధకస్తుడు పెన్నింగ్ తిరిగి వస్తాడు. అతని గేజిలో అయస్కాంతం ఎలక్ట్రాన్లను దారి తప్పించి తిప్పడం చూసి, హాన్స్ డెమెల్ట్ అదే ఊహతో విద్యుదావేశం ఉన్న కణాల్ని బంధించే బోను తయారుచేసి, దానికి పెన్నింగ్ ఉచ్చు అని పేరు పెట్టాడు. 1989లో నోబెల్ అందుకున్నాడు. ఆ బోనులోనే జెరాల్డ్ గాబ్రియెల్స్ బృందం సెర్న్‌లో ప్రతిప్రోటాన్లను పెట్టింది. పాత్ర గోడలు ద్రవ హీలియం చలిలో, 4.2 కెల్విన్ దగ్గర. ఆ చలికి దాదాపు అన్ని వాయువులూ గోడకు గడ్డకడతాయి. ఏ గేజీ అక్కడికి పోలేదు, ఫిలమెంటు వేడి తగిలితే చలే చెడిపోతుంది.

మరి కొలిచిందెవరు? ప్రతిప్రోటాన్లే. ప్రతిపదార్థానికి మామూలు పదార్థం తగిలితే రెండూ అక్కడే భస్మం. ఒక్క హీలియం అణువు ఎదురైనా ఒక ప్రతిప్రోటాన్ ఖాళీ. నెలల తరబడి చూసినా అవి తగ్గలేదు. ఎన్నాళ్లు బతికాయన్న లెక్క నుంచి వెనక్కి లెక్కగడితే వచ్చిన పీడనం 5×10⁻¹⁷ టార్ కంటే తక్కువ. ఎంత తక్కువో ఈ లెక్క చెప్పలేదు, ఇంతకన్నా ఎక్కువ ఉండదని మాత్రం హామీ. ఇంతటి ఖాళీ కూడా నక్షత్రాల మధ్య చోటుకు ఓడిపోతుంది: అక్కడ ఘన సెంటీమీటరుకు సగటున ఒక పరమాణువు.

నిలుపుదలలో రికార్డు సెర్న్‌లోనే బేస్ బృందానిది: 2015 నవంబరులో పట్టిన ప్రతిప్రోటాన్లను 2016 డిసెంబరు దాకా, 405 రోజులు, ఉచ్చులో కాపాడింది. ఏడాది దాటిందంటే పీడనం హద్దు ఇంకా కిందికి జరిగినట్టే. ఆ బృందమే ఇంకో పోటీకి దిగింది, ఖాళీని లారీ ఎక్కించడం! సుమారు టన్ను బరువుండే కదిలే ఉచ్చు తయారుచేసి, 2024 అక్టోబరులో ముందు జాగ్రత్తగా ప్రతిప్రోటాన్లకు బదులు 70 మామూలు ప్రోటాన్లను అందులో పెట్టి సెర్న్ ఆవరణలో లారీ మీద తిప్పారు. గతుకులు, మలుపులు, బ్రేకులు అన్నీ అయ్యాక లెక్క చూస్తే ప్రోటాన్లు ఉచ్చులోనే ఉన్నాయి.